సార్ గారి సూచన మేరకు

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. హైమవతి విషయంలో అత్త తిట్టనూ లేదు, తోడికోడలు ఆవిణ్ణి చూసి నవ్వనూ లేదు. పక్క గదిలో తలుపేసుకుని, తనతో తానే పకపకా నవ్వుకుంది. అంతే. దానికే హైమ కడుపులో మంట మొదలైంది.

తనతో తానే అంటే పిచ్చి పట్టి కాదండీ, అది ఉద్యోగంలో భాగం. కాకినాడకి ఉత్తరాన సముద్రపొడ్డున ఉన్న సాగరజ రొయ్యల పరిశోధన కేంద్రంలో ప్రతి శుక్రవారం ప్రతి ఉద్యోగీ అరగంట సేపు ఒక చిన్న గదిలో కూర్చోవాలి. గదిలో ఒక కుర్చీ, ఎదురుగా నిలువెత్తు తెర. ఆ తెర మీద కనిపించేది పై అధికారి కాదు, కుర్చీలో కూర్చున్న మనిషే. కాకపోతే పదిహేనేళ్ళు పెద్దయిన మనిషి. కేంద్రం వాళ్ళు దానికేదో పొడుగాటి పేరు పెట్టారు గానీ, అందరూ రేపటి మనిషి అనే అంటారు.

"అంతర్వేది పోస్టు పడింది," అంది హైమ తెరతో.

"ఆఁ, విన్నాను," అంది తెర మీది హైమ. జుట్టు సగం నెరిసింది, చెంపలు కాస్త జారాయి. మాట్లాడే ముందు గొంతు సవరించుకోవడం మాత్రం అచ్చం తనదే.

"కొత్త కేంద్రానికి అధికారి. కింద అరవై మంది. దరఖాస్తు పెట్టనా మరి?"

"మనకెందుకమ్మా అదంతా? ఇక్కడ బానే ఉంది కదా. అయినా సార్ గారిని ఓ మాట అడక్కుండా మనం ఎప్పుడేం చేసేం? ఆయనకి తోస్తే ఆయనే పిలుస్తారు."

"పదిహేనేళ్ళ తర్వాత నువ్వేం చేస్తన్నావు?"

"అదే అలమారా దగ్గరే. పుస్తకాలు ఇంకాస్త పెరిగేయంతే," అని పెద్ద హైమ హాయిగా నవ్వింది.

సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి తోడికోడలు తన్మయి నవ్వు వినిపించింది. ఒక్క గొంతు కాదు, రెండు. ఇప్పటి తన్మయీ, రేపటి తన్మయీ కలిసి నవ్వుకుంటున్నారు. హైమ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

ఆ యంత్రం జాతకం చెప్పదు. మనిషి రాసిన పుస్తకాలూ, ఉత్తరాలూ, సమావేశాల్లో మాట్లాడిన మాటలూ అన్నీ చదువుకుంటుంది. ఈ ఆఫీసులో ఇన్నాళ్ళు ఇలా మసిలిన మనిషి ఇంకో పదిహేనేళ్ళు ఇలాగే మసిలితే ఏమవుతాడో, ఆ మనిషి మొహంతో, ఆ మనిషి గొంతుతో చెబుతుంది. అరగంటా అయ్యాక ఉద్యోగి తన ముందుదారి ఏమిటో తన చేత్తోనే రాసి సంతకం పెట్టాలి. గోడ మీద పెద్దక్షరాలతో ఒక మాట రాసి ఉంటుంది: 'మీ ఎదుగుదలకి మీరే యజమాని.' కేంద్రం ఎవరికీ ఏనాడూ కాదని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఎవరికి వాళ్ళే చెప్పేసుకుంటున్నారు.

హైమ ఎప్పట్లాగే రాసింది: 'ప్రస్తుత స్థానంలోనే కొనసాగుట నాకు సమ్మతం.' రాస్తున్నంతసేపూ చెవులు మాత్రం పక్కగది మీదే ఉన్నాయి.

ఇద్దరిదీ ఒకే ఇల్లు. కింది వాటాలో హైమ, భర్త సోమశేఖరం, అత్తగారు వీరరాఘవమ్మ. పైవాటాలో మరిది కిరీటి, తన్మయి. వంట మాత్రం కిందే, అందరికీ ఒకటే పొయ్యి. తన్మయిని ఆ కేంద్రంలో చేర్పించింది కూడా హైమే. మూడేళ్ళ కిందట కేంద్రం డైరెక్టరు సార్ గారి దగ్గరికి వెళ్ళి, "మా తోడికోడలండీ, అమలాపురం దగ్గర వాళ్ళ నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయండీ, పని తెలుసండీ," అని చేతులు కట్టుకుని చెప్పి వచ్చింది. ఏకు మేకవుతుందని అప్పుడు ఎవరికి తెలుసు?

ఆ సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తన్మయి ఆగకుండా చెప్పింది.

"అయ్యబాబోయ్, ఆవిణ్ణి చూడాలక్కా నువ్వు! అంతర్వేదిలో కూచుందంట. అరవై మందంట కింద. తెల్లమచ్చ తెగులు రాని రొయ్యపిల్లలు తీసిందంట. నన్ను చూసి, ఏంటే ఇంకా దరఖాస్తు పెట్టలేదా, నీ మొహం మండా అని తిట్టింది. నవ్వొచ్చేసింది నాకు."

"పెడతన్నావా ఏంటి?" అంది హైమ, ఈనె తీసిన కాయని మళ్ళీ తీస్తూ.

"పెట్టేద్దామనే. ఏమంటావక్కా? అవునూ, మీ ఆవిడేమంది?"

"మా ఆవిడా? ఆవిడ చాలా పెద్ద పొజిషన్‌లో ఉందిలే. అవన్నీ పైకి చెప్పుకునేవి కావు."

వీరరాఘవమ్మ గారు చిన్నకోడలి గడ్డం పట్టుకుని, "మా తన్మయి అధికారవుతుందంటే! ఇంట్లోంచి కారు మీదెళ్తుంది," అని మురిసిపోయింది. పన్నెండేళ్ళుగా అదే ఇంట్లోంచి బస్సు మీద వెళ్తున్న పెద్దకోడలు పక్కనే కూర్చుందన్న సంగతి ఆవిడకి తట్టలేదు. హైమకి ఆ రోజు చిక్కుడుకాయ కూర గొంతు దిగలేదు. అసూయ అని దానికి పేరు పెట్టడానికి కూడా ఆవిడ ఒప్పుకోలేదు. పైత్యం చేసిందేమో అనుకుని నిమ్మకాయ నీళ్ళు తాగింది.

ఏం చెప్పమంటారు, ఏడుపుకి నిమ్మకాయ నీళ్ళు పనిచేస్తాయా?

హైమ పని పుస్తకాల పని. ట్యాంకుల దగ్గర తడిచేతులతో కంప్యూటర్లు ముట్టుకోకూడదు కాబట్టి, సిబ్బంది అంతా పెన్నుతో రోజుపుస్తకాలు రాస్తారు. ఉప్పుశాతం ఎంత, పిల్లలు ఎలా ఉన్నాయి, ఏం మార్పు చేశారు, ఎందుకు చేశారు. హైమ వాటిని యంత్రానికి ఎక్కించి, అసలు పుస్తకాలు ఇనప అలమారాలో పెట్టి తాళం వేస్తుంది. పేజీలు ఒకదాని మీద ఒకటి పెడితే యంత్రమే గబగబా లాగేసుకుంటుంది. చదవాల్సిన పని లేదు. అందుకే ఆవిడ ఎవరి పుస్తకమూ ఎప్పుడూ చదవలేదు.

మర్నాడు మాత్రం తన్మయి పుస్తకం తీసింది. మొదటి పేజీ: 'నీళ్ళు ఇంకో రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటే బావుంటుందని నాకు తోచింది. చేశాను. పిల్లలు బాగా ఈదుతున్నాయి.' రెండో పేజీ: 'మేత నాలుగుసార్లు కాదు, ఆరుసార్లు వేస్తే మంచిదని నాకు తోచింది. వేశాను.'

నాకు తోచింది! హైమకి ఒళ్ళు మండిపోయింది. ఈ కేంద్రంలో పుస్తకం రాయడానికి ఒక పద్ధతి ఉంది. ఏ ఆలోచన ఎవరికి వచ్చినా, వాక్యం మాత్రం 'సార్ గారి సూచన మేరకు' అనే మొదలవ్వాలి. ఎక్కడా చట్టం లేదు, ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. హైమ చేరిన మొదటి వారంలోనే ఇలాగే 'నాకు తోచింది' అని రాస్తే, అప్పటి పెద్ద గుమాస్తా అందరి ముందూ ఆ పేజీ ఎత్తి చూపించి, "తమరికి తోచిందా తల్లీ? తోచడానికి తమరెవరు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి పన్నెండేళ్ళు హైమకి ఏదీ తోచలేదు. అన్నీ సార్ గారే సూచించారు. తల్లి రొయ్యల గదికి నీలం దీపం పెట్టించిందీ, గాలి గొట్టాలకి రెండో దారి వేయించిందీ హైమే. పుస్తకంలో మాత్రం ఆ రెండూ సార్ గారివే.

తను అంత అణిగిమణిగి ఉంటే, మూడేళ్ళ కిందట వచ్చిన ఈ పిల్ల 'నేను, నేను' అని రాసుకుంటుందా? యంత్రం చదివి దానికి కుర్చీ వేస్తుందా? తనకేమో అలమారా పక్కన స్టూలా?

పుస్తకాల అధికారిగా హైమకి ఒక వెసులుబాటు ఉంది. ఎక్కించిన ప్రతుల్లో రాత పద్ధతిగా లేకపోతే దిద్దవచ్చు. పది పేజీలు చదివేసరికే ఆవిడకి చాలనిపించింది. కంప్యూటర్‌కి ఒక్క ఆజ్ఞ ఇచ్చింది. 'నాకు తోచింది' అని ఎక్కడున్నా తీసెయ్యి. ఆలోచన ఎవరిదని రాసి ఉన్నా, ఏ పేరున్నా, అక్కడ 'సార్ గారి సూచన మేరకు' అని పెట్టు. మూడేళ్ళ పుస్తకం కళ్ళు మూసి తెరిచేలోగా పద్ధతిలోకి వచ్చేసింది.

"తప్పేముంది ఇందులో? అందరూ రాసేదే కదా," అని పైకే అనుకుంది హైమ. గదిలో ఎవరూ లేరు. ఎవరికి చెప్పుకుందో ఆవిడకే తెలియాలి.

మరుసటి శుక్రవారం పక్కగదిలోంచి నవ్వు రాలేదు. హైమ తన అరగంటా తెర వంక చూడకుండా గోడకేసి చెవి పెట్టుకుని కూర్చుంది. తన్మయి బయటికొచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది.

"ఏమైందే?"

"ఆవిడ మారిపోయిందక్కా. అంతర్వేదీ లేదు, ఏమీ లేదు. నేనిప్పుడున్న నాలుగో ట్యాంకు దగ్గరే నిలబడి ఉంది. ఏదడిగినా, సార్ గారు ఏమంటే అది అంటంది. దరఖాస్తు సంగతి అడిగితే, నీకంత తెలుసా, ఎప్పుడైనా సొంతంగా ఒక్క పని చేసేవా అంది. చేసేననే అనుకున్నానక్కా. గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ గట్టిగా చెప్పలేకపోయేను."

"పోనీలే. ఉన్నదాంతో సంతోషంగా ఉండాలి," అంది హైమ.

ఆ సాయంత్రం ఆవిడ పాలకోవా చేసింది. చాలా రోజుల తర్వాత వంటింట్లో కూనిరాగం తీసింది. కోవా తీపి, కడుపు చల్లన. పాపం తన్మయి అని మీరు జాలిపడితే పడండి. హైమకి మాత్రం ఆ రోజు పండగే.

నాలుగు వారాలు గడిచాయి. తన్మయి ముందుదారి పుస్తకంలో తనూ అదే రాసింది: 'ప్రస్తుత స్థానంలోనే కొనసాగుట నాకు సమ్మతం.' మనిషి కూడా ఆ వాక్యంలాగే తయారైంది. ఇంట్లో పోపులో ఆవాలు వెయ్యాలా అని అడిగేది. పసుపు చీర కట్టుకోమంటారా, ఆకుపచ్చదా అని అడిగేది. మొదట్లో వీరరాఘవమ్మ గారికి ఇది తెగ నచ్చింది. మూడో వారానికి ఆవిడకే విసుగొచ్చింది.

"ప్రతీదీ నన్నడుగుతావేంటే? చిన్నపిల్లవా? నీకు తెలీదా?"

"నాకేం తెలుసు అత్తయ్యా? మీరేమంటే అదే," అంది తన్మయి.

హైమకి అది విన్నప్పుడు ఎక్కడో కలుక్కుమంది. కానీ అంతర్వేది ఆశ దాన్ని తొక్కేసింది. ఇక అడ్డెవరు? తన్మయి తప్పుకుంది, మిగతా వాళ్ళు తనకంటే చిన్నవాళ్ళు. సార్ గారు ఏ రోజైనా పిలుస్తారు. 'హైమా, నువ్వే తగినదానివమ్మా' అంటారు. ఆ పిలుపు కోసం ఇస్త్రీ చీరలు కట్టుకుని వెళ్ళడం మొదలెట్టింది. అడగడం మాత్రం ఆవిడకి రాదు. అడగడం ఎవరు నేర్పారు గనక?

ఆ గురువారం పొద్దున్న పదింటికి నాలుగో ట్యాంకులో గాలి తగ్గింది. తొమ్మిది లక్షల పిల్లలు, ఇంకో పది రోజుల్లో రైతుల చెరువులకి వెళ్ళాల్సినవి, పైకి తేలి ఒక గోడ పక్కకి చేరసాగాయి. రొయ్యల ఇంట్లో పుట్టిన తన్మయికి అది చూడగానే అర్థమైంది. రెండో గాలి గొట్టం వాల్వు చేతికందే దూరంలోనే ఉంది. ఒక్క తిప్పు తిప్పితే చాలు. చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది. సార్ గారికి ఫోన్ చేసింది. ఆయన చెన్నై విమానంలో ఉన్నారు. మళ్ళీ చేసింది. పుస్తకంలో 'సార్ గారి సూచన కోసం ఎదురుచూచుచున్నాను' అని టైము వేసి రాసింది. గంటా నలభై నిమిషాలు ఎదురు చూసింది.

ఎవరో చెబితే హైమ మెట్లన్నీ పరుగెత్తుకుంటూ దిగి వచ్చింది. ట్యాంకు అడుగున పిల్లలన్నీ తెల్లగా, మెతుకుల్లా పేరుకుపోయి ఉన్నాయి. తన్మయి ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"వాల్వు తిప్పలేదేంటే? నీ కళ్ళెదురుగానే ఉంది కదా!"

"సార్ ఎత్తట్లేదక్కా," అంది తన్మయి.

హైమకి భయం వేసింది, చచ్చిన రొయ్యపిల్లల్ని చూసి కాదు, ఆ పిల్ల మొహం చూసి. అందులో ఏడుపు కూడా లేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి డైరెక్టరు త్రివిక్రమరావు గారు హైమని పిలిచారు. మెత్తటి మనిషి. ఎవర్నీ పల్లెత్తు మాట అనరు.

"నాలుగో ట్యాంకు అసలు పుస్తకాలు కావాలమ్మా, విచారణ వాళ్ళకి. కంప్యూటర్లోవి కాదు, చేత్తో రాసినవి. సాయంత్రం ఇస్తే చాలు."

"అలాగేనండీ," అని హైమ తలుపు దాకా వెళ్ళి ఆగింది. "అంతర్వేది పోస్టుకి ఎవర్ననుకుంటున్నారండీ?"

"ఎవరూ పెట్టలేదమ్మా దరఖాస్తు. మనవాళ్ళలో ఒక్కరికీ ఆసక్తి లేదు. ఇవాళ అయిదింటితో గడువు అయిపోతుంది. ఇక బయటివాళ్ళని చూసుకోవాలి."

"నన్ను... నన్ను పిలుస్తారనుకున్నానండీ."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నిన్నా? ప్రతి శుక్రవారం ఇక్కడే సమ్మతం అని నువ్వే రాసిస్తున్నావు కదమ్మా. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మేం ఎవర్నీ ఆపలేదే!"

"పన్నెండేళ్ళ నుంచి మీరు చెప్పినట్టే చేసేనండీ. పుస్తకాలనిండా మీ సూచనలేనండీ."

"నేను నీకు ఏనాడైనా అన్ని సూచనలిచ్చానా? ఆ పుస్తకాలు నేనెప్పుడు చదివాను?" అని ఆయన నవ్వేశారు. "కావాలంటే ఇప్పుడైనా పెట్టుకోమ్మా. నీ ఎదుగుదలకి నువ్వే యజమానివి."

హైమ తన సీటుకొచ్చి దరఖాస్తు తెరిచింది. పేరు, వయసు, అనుభవం గబగబా నింపేసింది. ఆరో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. 'మీ సొంత ఆలోచనతో చేసిన మూడు పనులు, రోజుపుస్తకాల రుజువుతో.' పన్నెండేళ్ళ తన పుస్తకాలు వెతికింది. నీలం దీపం సార్ గారిది. రెండో గొట్టం సార్ గారిది. చేపపిల్లల మందు రొయ్యపిల్లలకి వాడి చూసిందీ ఆయనే. తన దస్తూరీలో, తన సిరాతో, తన సంతకంతో ప్రతి పేజీలోనూ తను లేదు. ఎవరో దిద్దిన పుస్తకం కాదది. ఎవరి మీద ఏడవాలి?

కక్కలేక మింగలేక, విచారణకి ఇవ్వాల్సిన తన్మయి పుస్తకాలు అలమారాలోంచి తీసింది. ఈ పిల్ల ఎంత రాసుకుని ఉంటుందో చూద్దామని పుటలు తిప్పింది. కడుపుమంట ఇంకా చావలేదు మరి. మొదటి పది పేజీలూ తను చదివినవే. పదకొండో పేజీలో ఉంది:

'నిన్న దోసెల పిండి రుబ్బుతుంటే హైమక్క చెప్పింది, వాన నీళ్ళు కలిసిన రోజు మేత సగానికి తగ్గించాలని. తగ్గించాను. ఒక్క పిల్ల చావలేదు. ఈ ఆలోచన హైమక్కది.'

ఇంకో పేజీ. 'పెంకు వదిలే టైములో దీపం తీసెయ్యమని హైమక్క చెప్పింది. ఆవిడ ఎప్పుడో గమనించిందట. ఈ ఆలోచన హైమక్కది.' ఇంకో పేజీ. ఇంకో పేజీ. వంటింట్లో, బస్సులో, బట్టలు ఆరేస్తూ నోటికొచ్చి అనేసిన మాటలు, తనే మరిచిపోయినవి, ఆ పిల్ల మర్చిపోకుండా తేదీ వేసి, పేరు పెట్టి రాసింది. ఈ కేంద్రం మొత్తంలో హైమవతి పేరున ఒక్క ఆలోచనైనా నమోదైన చోటు అదొక్కటే. ఆ పేరు ఎక్కడున్నా తీసేసి సార్ గారిది పెట్టమని కంప్యూటర్‌కి ఆజ్ఞ ఇచ్చింది హైమే.

ఆవిడ ఏడ్చింది. బాగా, ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చింది. సిగ్గేసింది, కోపమొచ్చింది, అంత ఏడుపులోనూ ఓ మూల 'ఈ పిల్ల నాకంటే మంచిది' అని ఇంకో కొత్త అసూయ పుట్టింది. దాన్నేం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు.

పాత ప్రతుల్ని తిరిగి ఎక్కించవచ్చు. కానీ ఒకసారి పద్ధతిగా దిద్దిన పుస్తకాన్ని వెనక్కి తేవాలంటే రాసిన మనిషే 'ఇవి నా మాటలు' అని రాసి సంతకం పెట్టాలి. ఎందుకు దిద్దారో పుస్తకాల అధికారి సంజాయిషీ ఇచ్చుకోవాలి. సంజాయిషీ ఇస్తే హైమ ఉద్యోగమే ఉండదు, ఇంక అంతర్వేది ఎక్కడిది? ఊరుకుంటే ఎవరికీ తెలియదు. విచారణ వాళ్ళు చూసేది నిన్నటి పేజీ ఒక్కటే. హైమ గడియారం చూసింది. మూడున్నర. దరఖాస్తు మూసేసి, తన్మయి పుస్తకమూ, సంతకం కాగితమూ పట్టుకుని ట్యాంకుల వైపు నడిచింది.

తన్మయి ఖాళీ అయిన నాలుగో ట్యాంకుని బ్రష్షుతో రుద్దుతోంది. హైమ మొదలుపెడితే ఆగలేకపోయింది. నవ్వు విన్న దగ్గర్నుంచి కోవా దాకా ఏదీ దాచలేదు.

"నీ రేపటి మనిషి మారలేదే. నేనే మార్చేసేను. నువ్వు సొంతంగా చేసినవన్నీ ఇందులో ఉన్నాయి, చూడు. నీ రాతే. నిన్న వాల్వు తిప్పలేకపోయేవంటే అది నా పాపం. ఏడ్చి చచ్చేనే నిన్ను చూసి, ఓర్వలేకపోయేను. కొట్టు నన్ను. తిట్టు. అత్తయ్యకి చెప్పు, కిరీటికి చెప్పు. ముందు దీని మీద సంతకం పెట్టు, ఇవి నా మాటలు అని రాయి చాలు. ఇంకా గంటుంది. దరఖాస్తు పెట్టేద్దువుగాని. నేనిప్పుడే సార్ గారి దగ్గరికెళ్ళి చెప్పేస్తాను."

తన్మయి బ్రష్షు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. పుస్తకమూ, కాగితమూ తీసుకుని నాలుగైదు పేజీలు చదివింది. ఎవరో పొరుగింటి వాళ్ళ ఉత్తరం చదువుతున్నట్టుంది ఆ చదవడం.

"ఇవి నా మాటలేనంటావా అక్కా?"

"నీవేనే! నీ దస్తూరీ కాదూ?"

"సంతకం పెట్టమని సార్ గారు చెప్పేరా?"

"సార్ గారికేం తెలీదు. నువ్వే పెట్టాలి. నీకు నువ్వే. తన్మయీ, ఇటు చూడు. నీ బతుకు నాశనం చేసేను నేను. కోపం రావట్లేదా నీకు?"

తన్మయి పుస్తకం మూసింది. ఎగతాళి కాదు, ఎత్తిపొడుపూ కాదు. నిజంగానే తెలియక, తెలుసుకుందామని, చాలా వినయంగా అడిగింది.

"రావాలంటావా అక్కా?"

సంతకం కాగితం చేతిలో పట్టుకుని, అక్క జవాబు చెప్పేదాకా తన్మయి అక్కడే నిలబడింది.